మూడు చక్రాల బండికి ఎర్ర రంగు

నా చిన్నప్పుడు, ఆదోనిలో పత్తి మిల్లులు తిరిగే కాలమొస్తే గాలి నిండా దూది నూగే. ఆరేసిన బట్టల మీద, ఆఖరికి అన్నం మీద కూడా వాలేది. మా పక్కింటి మామ ఆ నెలల్లో రంగు పని ముట్టేవాడు కాదు. బీరువాలకు, లారీ తలుపులకు స్ప్రే గన్నుతో అద్దంలా రంగు కొట్టే మనిషాయన. పచ్చి రంగు మీద ఒక్క పోగు అంటుకున్నా ఆయనకు ముద్ద దిగదు.

సరిగ్గా ఆ కాలంలోనే మా నాన్న ఎమ్మిగనూరు నుంచి నాకోసం చేత్తో తిప్పే మూడు చక్రాల బండి తెచ్చాడు. పోలియో వచ్చి నా కాళ్లు పనిచేయవు. అమ్మ చంకనెక్కి బడికి పోయే వయసూ దాటింది. తీరా చూస్తే అది పాత బండి, ఒళ్లంతా తుప్పు. "నేనెక్కను పో. అందరూ నన్నే సూస్తారు" అని మొండికేశాను. బండి ఎక్కకపోతే ఇక బడి లేనట్టే. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

గోడవతల మామ అంతా విన్నాడు. మర్నాడే తన నియమం పక్కన పెట్టి, వాకిలంతా నీళ్లు చల్లి, నూగు లోపలికి రాకుండా చుట్టూ తడి దుప్పట్లు కట్టాడు. తుప్పంతా గీకి, ఏ రంగు కావాలో నన్నే అడిగాడు. ఎరుపన్నాను. ఆఖరి పూతకు గన్ను నా చేతికే ఇచ్చాడు.

"సేయి ఆడతానే ఉండల్ల బేటీ. ఒకసోట నిలబెడితే కారిపోతాది. పల్సగా కొట్టు, ఆరినంక మళ్లా కొడదాం."

నా ఆత్రం ఆగుతుందా! ఒకేచోట దట్టంగా కొట్టాను, రంగు చారలు చారలుగా కారింది. ఆయన ఆరనిచ్చి, ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది, మళ్లీ గన్ను నా చేతికిచ్చాడు.

"నాతో కాదు మామా, నువ్వే కొట్టు."

"నీ బండికి నేనెందుకు కొట్టల్ల?"

ఈసారి చేయి సాగింది. కాళ్ల పనీ చేతులే చేసేవి కదా, వాటికి బలమెక్కువ. ఆ తర్వాత, రంగు చెరుగుతుందని మా అమ్మను కూడా బండి ముట్టనివ్వలేదు.

బడికి బయలుదేరిన రోజు వీధి వీధంతా చూసింది. నేను తల దించుకున్నాను. పక్కనే నడుస్తున్న మామ, "సూడనీ బేటీ. అంత నున్నగా కొట్టినావు, సూడకుండా ఎట్లుంటారు?" అన్నాడు. నేను నమ్మేశాను. తలెత్తుకుని పోయాను.

వాళ్లు చూసింది రంగును కాదని పెద్దయ్యాక తెలిసింది. మామకు ఆ రోజే తెలుసు. అయినా ఈనాటికీ ఎవరైనా నన్ను తేరిపార చూస్తే, బండి రంగు నచ్చినట్టుందే అనుకుని ముందుకు సాగిపోతాను.