సగం పేజీ పంపని రాజు భయ్యా

నిన్న పొద్దున పోర్ట్‌బ్లెయిర్లో బతు బస్తీ బస్సులో ఉండగా వదిన మెసేజ్ పెట్టింది. "మీ రాజు భయ్యా ఎల్లిపోయాడమ్మా."

నమ్మలేదు. ఫోన్ చేశాను. వదిన ఏడుపు విన్నాక నమ్మక తప్పలేదు. గుండెపోటు.

నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా ఉంది.

నేను సొంత చెల్లెల్ని కాను, పక్కింటి పిల్లని. జంగ్లీఘాట్‌లో భయ్యా మొబైల్ రిపేర్ షాపు మీ అందరికీ తెలుసు. సునామీ నాటి సంగతి కొందరికే తెలుసు.

అప్పుడు వాళ్ళన్నయ్య దూరపు దీవిలో, హట్‌బేలో పనిలో ఉన్నాడు. బతికి బయటపడ్డవాళ్ళ లిస్టు ఒక వెబ్‌పేజీలో పెట్టారు. నెట్ కేఫ్‌లో ఆ పేజీ సగం వచ్చి ఆగిపోయేది. వచ్చిన సగంలో అన్న పేరు లేదు. ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి.

"సగం పేజీ సూసి ఏడుత్తావేటే అమ్మా!"

అలా అరిచి భయ్యా మళ్ళీ కేఫ్‌కే వెళ్ళాడు. మూడో రోజు పేజీ మొత్తం తెరుచుకుంది.

అన్న పేరు కింద నుంచి రెండోది.

స్మార్ట్‌ఫోన్లు వచ్చాక కూడా ఇక్కడి నెట్‌కి షిప్ టైమింగ్స్ పేజీ తెరుచుకునేది కాదు. భయ్యా మెయిన్‌ల్యాండ్‌లో ఒక సర్వర్ తీసుకుని, అందులో బ్రౌజర్ పెట్టాడు. మనం లింక్ పంపితే అది అక్కడ పేజీ తెరిచి, ఫొటో తీసి, చిన్న సైజులో మన ఫోన్‌కి పంపుతుంది. సెటప్‌లో నేనూ పక్కనే ఉన్నాను.

మొదటి రోజు మన తెలుగు సంఘం పేజీ పెట్టి చూస్తే ఫొటో నిండా ఖాళీ డబ్బాలే. ఏం జరిగినా నెట్‌ని తిట్టడం మన దీవుల అలవాటు కదా. ఇద్దరం తిట్టుకుంటూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. తీరా చూస్తే సర్వర్లో తెలుగు ఫాంటే వెయ్యలేదు! భయ్యా పడీ పడీ నవ్వాడు.

లేటవుతోంది, పది సెకన్లు కాగానే వచ్చినంత వరకు ఫొటో తీసేద్దామన్నాను. నవ్వు ఆగిపోయింది.

"సగం పంపడానికైతే ఇదెందుకే? మొత్తం వత్తే పంపు. రాకపోతే రాలేదని సెప్పు. బస్."

సముద్రం కింద నుంచి నెట్ కేబుల్ వచ్చాక, ఈ సర్వీస్ ఇంకెందుకు, మూసెయ్యమని చాలామంది చెప్పారు.

"పోర్ట్‌బ్లెయిర్లో కూకుని సెప్పకండి. బయట దీవుల్లో జెట్టీ మీద నిలబడ్డోడికి సిగ్నల్ ఉందా?"

మూయలేదు.

నిన్న సాయంత్రం నుంచి మళ్ళీ అదే అడుగుతున్నారు, ఇక ఆపేస్తారా అని. నా కోపం అందుకే.

ఆపం. ఎవరు చెప్పినా ఆపం.

ఈ పొద్దున భయ్యా కబురు, దహనం వివరాలు సంఘం పేజీలో పెట్టారు. అన్నయ్య ఇంకా హట్‌బేలోనే ఉంటాడు. ఫోన్ కలవలేదు. ఆ పేజీని మన సర్వీస్‌లోనే ఫొటో తీసి పంపాను. చాలాసేపు పట్టింది. ఆగాను. రేపటి దహనం టైమ్ కింద నుంచి రెండో లైన్లో ఉంది.

అన్నయ్య జవాబు ఇప్పుడే వచ్చింది. "పేజీ మొత్తం వచ్చిందమ్మా. షిప్ ఎక్కుతున్నా."

ప్రశాంతంగా పడుకో భయ్యా. సర్వర్ నడుస్తోంది.