పక్క సీట్లో లేని బ్రేకు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గాని, దాన్ని వాడేది కరెంటు బిల్లొక్కటే. మిగతా అందరికీ ఆమె బ్రేకు మేడం.

పద్నాలుగేళ్ళుగా ఆమె కారు నడపడం నేర్పుతోంది. డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాళ్ళు కూర్చునే పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు తొక్కాల్సినప్పుడు తొక్కకపోతే పక్కనున్నవాళ్ళు తొక్కడానికి. ఈవిడ మాత్రం నేర్చుకునేవాడికి ఆ ఆలోచన రాకముందే తొక్కేసేది. పద్నాలుగేళ్ళలో ఆ కారుకు ఒక్క గీత పడలేదు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు మాత్రం, కారన్నాక ఎదురుగా ఏదైనా వస్తే దానంతటదే ఆగుతుందని చాలా రోజులు నమ్మేవారు.

అలా నమ్మినవాళ్ళలో ఆమె భర్త ఒకడు. అతను కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తాడు. లైసెన్సు పరీక్షలో మూడుసార్లు తప్పాడు. మూడుసార్లూ గీత దాకా చక్కగా వెళ్ళి, కారు ఆగడం కోసం ఎదురుచూస్తూ గీత దాటేశాడు. తప్పెక్కడుందో ఆమెకు అప్పుడర్థమైంది. నాలుగో పరీక్షకు ముందు నెలరోజులూ కాలు బ్రేకు మీదికి వెళ్ళకుండా సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని నేర్పింది. ఆ నెలంతా ఆమెకు అన్నం సహించలేదు. అతను పాసయ్యాడు. స్వీట్ల పెట్టె తెచ్చి చేతిలో పెట్టి, "ఇంకేమైనా నేర్పుతారా మేడం?" అని అడిగాడు. ఆ మాటతో కుదిరిన పెళ్ళికి ఆరేళ్ళవుతున్నా అతను మేడం అనడమూ, మీరు అనడమూ మానలేదు. బంధువులు కొన్నాళ్ళు నవ్వి, అలిసిపోయి ఊరుకున్నారు.

వాళ్ళ సొంత కారులో పక్క సీటు కింద బ్రేకు లేదు. ఆ సంగతి ఆమె కుడికాలికి ఇప్పటికీ తెలియదు. అక్కడి రబ్బరు మ్యాటుకు బొటనవేలు దూరేంత చిల్లు పడింది.

ఏడో నెలలో, ఇంట్లోనే కంటానని ఆమె తేల్చి చెప్పేసింది. ఎందుకని అడిగినవాళ్ళకు అడిగిన కొద్దీ కారణాలు చెప్పింది: ఆస్పత్రి వాసన పడదు, మంచం ఎత్తు, కిటికీకి కర్టెను లేదు. అసలు కారణం భర్తకొక్కడికే తెలుసు. చాలాకాలం క్రితం కడుపునొప్పికి ఆపరేషనైనప్పుడు ఆమెను చక్రాల బల్లమీద పడుకోబెట్టి వరండాలన్నీ తోసుకెళ్ళారు. తోసేవాడు ఎవరితోనో మాట్లాడుతూ మూలలు తిప్పాడు. పైకప్పు దీపాలు కదిలిపోతున్నాయి, చేతిలో ఏమీ లేదు, కాలికింద ఏమీ లేదు. ఆపరేషను ఆమెకు గుర్తులేదు. ఆ ప్రయాణం మాత్రం గుర్తుంది.

ఇళ్ళకు వచ్చి కాన్పులు చేసే నర్సమ్మ ఒకావిడ ఉంది. ముప్ఫై ఏళ్ళ అనుభవం, మోకాళ్ళ నొప్పి, కబుర్లాడే తీరిక లేని మనిషి. ఆవిడ వచ్చి బీపీ చూసింది, కడుపు మీద చేయి వేసి చూసింది, మెట్లు లెక్కపెట్టింది, ఆస్పత్రికి ఎంతసేపని అడిగింది.

"పన్నెండు నిమిషాలు," అంది బ్రేకు మేడం. "ఈయన నడిపితే పద్దెనిమిది."

"మీరు పక్కన లేకపోతే పద్నాలుగు," అన్నాడు భర్త.

నర్సమ్మ అది రాసుకోలేదు. "అంతా సవ్యంగా ఉంటే ఇంట్లోనే చేద్దామమ్మా. నాకు సవ్యంగా అనిపించకపోతే ఆస్పత్రికే. అప్పుడు నాతో వాదన పెట్టుకోకూడదు. సరేనా? క్లాసులకు వెళ్తున్నారా?"

"ఏం క్లాసులు?"

"కాన్పు క్లాసులు. ఐదు శనివారాలు. ఈ శనివారమే మొదలు."

"అవి ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళకి కదండీ. నా ఇంట్లో నేను కంటాను, దానికి క్లాసెందుకు?"

"ఆస్పత్రిలో నొప్పి తగ్గడానికి సూదిమందు ఉంటుంది. గంటగంటకీ ఎవరో ఒకరొచ్చి చెబుతుంటారు. ఇక్కడ నేనొచ్చేదాకా మీరిద్దరే." సంచీ జిప్పు వేసుకుంటూ ఆవిడ లేచింది. "బలవంతమేం లేదు. ఆలోచించుకోండి."

బ్రేకు మేడం ఆలోచించుకోలేదు. నేర్పేవాళ్ళ గుట్టు నేర్పేవాళ్ళకే తెలుసని ఆమె ఉద్దేశం. గంట క్లాసులో పదిహేను నిమిషాలు విషయం, మిగతాది ధైర్యం చెప్పడం. ఇన్నేళ్ళుగా ఆమె చేసింది అదే.

పక్క వీధిలో ఉండే తల్లి విని ఇంతెత్తున లేచింది. "నలుగురిని కన్నానే నేను! నాకు ఏ బళ్ళో చెప్పారు? ఎవడు పాసు మార్కులేశాడు?"

"నొప్పులప్పుడు ఎలా ఉండేదత్తయ్యా?" అని అల్లుడు కాగితం, పెన్ను తీశాడు.

తల్లి చాలాసేపు ఆలోచించింది. "ఏమో నాయనా, ఒక్క ముక్క గుర్తులేదు. మీ మామయ్య వీధి చివరికెళ్ళి నిలబడేవారు. అక్కడికీ వినబడేదట. ఆయన్నడుగు."

గురువారం నర్సమ్మ మళ్ళీ వచ్చింది. ఆవిడ స్కూటరు రిపేరుకిచ్చారు. దింపి వస్తామని ఇద్దరూ బయల్దేరారు. భర్త నడుపుతున్నాడు, బ్రేకు మేడం పక్కన, నర్సమ్మ వెనక. మొదటి మలుపులో ఎదురుగా ఒక లారీ వచ్చింది. చాలా దూరంలోనే ఉంది. బ్రేకు మేడం కుడికాలు మ్యాటు చిల్లులోకి దిగింది. దవడ బిగుసుకుంది. చేయి తలుపు పిడిని పట్టుకుంది. ఊపిరి ఆగిపోయింది. లారీ దాని దారిన అది పోయింది. రెండో మలుపులో సైకిలు. అదే వరస. మూడో చోట కుక్క, అదీ పడుకుని ఉంది.

నర్సమ్మ వెనకనుంచి మెడ చాచి కిందికి చూసింది. "అక్కడ బ్రేకుందామ్మా?"

"లేదండీ."

"మరి దేన్ని తొక్కుతున్నావు?"

ఆమె కాలు వెనక్కి లాక్కుంది. భర్త గేరు మార్చాడు.

"నొప్పొచ్చినప్పుడల్లా నువ్వు చేసేది ఇదేనమ్మా," అంది నర్సమ్మ, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు. "కాళ్ళు బిగిస్తావు, పళ్ళు బిగిస్తావు, ఊపిరి బిగబడతావు. బిడ్డేమో ముందుకు రావాలనుకుంటుంది. నువ్వేమో బ్రేకు. పది గంటల్లో అయ్యేది ఇరవై గంటలు లాగుతుంది. అప్పటికి నీలో ఓపిక ఉండదు. నేను ఆస్పత్రి బండికి ఫోను చేస్తాను. నిన్ను బల్లమీద పడుకోబెట్టి తోసుకెళ్తారు."

బల్ల మాట ఆవిడ మామూలుగానే అంది. నర్సమ్మను దింపి తిరిగొస్తూ దారిలో బ్రేకు మేడం అడిగింది: "శనివారం ఎన్నింటికట?"

"పదింటికి మేడం. నిన్ననే పేర్లిచ్చేశాను."

క్లాసు ఇస్త్రీ షాపు పైన మేడమీద గదిలో. ఆరు జంటలు, ఆరు చాపలు, గుడ్డతో కుట్టిన బొమ్మ ఒకటి. టీచరు సన్నటి మనిషి, సన్నటి గొంతు. బ్రేకు మేడం గోడవారగా కూర్చుని, పాఠం సాగుతున్న తీరును మనసులోనే దిద్దడం మొదలెట్టింది. ఆమెకిది అలవాటు. భర్త మాత్రం అన్నీ రాసుకున్నాడు. చదువులో వెనకబడినవాళ్ళకే నోట్సు విలువ తెలుస్తుంది.

ఇంట్లో కనేవాళ్ళకని టీచరు కొన్ని విషయాలు విడిగా చెప్పింది. ఉమ్మనీరు పచ్చగా వస్తే, రక్తం ఆగకపోతే, బిడ్డ కదలికలు తగ్గితే ఇంట్లో ఆలోచనలు పెట్టుకోకుండా బయల్దేరాలి. అతను వాటిని కళ్ళజోళ్ళ కవరు మీద ఎర్రసిరాతో రాశాడు. ఆ కవరు తరవాత బీరువా తలుపుకు అంటింది.

పాఠం చివర టీచరు తలా ఒక ఐసుముక్క ఇచ్చింది. "ఒక్క నిమిషం గుప్పిట్లో పట్టుకోండి. నొప్పి అనుకోండి. మామూలుగా ఊపిరి తీస్తూ ఉండండి."

పద్దెనిమిది సెకన్లకు బ్రేకు మేడం చేతిలోని ఐసు కింద పడింది. రెండోసారి ఇరవై.

"మీ కుడికాలు నేలనెందుకలా తొక్కుతోందండీ?" అంది టీచరు.

"బ్రేకండీ," అన్నాడు భర్త. టీచరుకు అర్థం కాలేదు. అతను పెళ్ళాం చెవి దగ్గరికి వంగాడు. "కాళ్ళు పైకి మేడం. నా నాలుగో పరీక్షప్పుడు కూర్చున్నట్టు."

ఆమె అతనివైపు కోపంగా చూసింది. బాసింపట్టు వేసుకుంది. కాలికి తొక్కడానికేమీ దొరకలేదు. ఊపిరి దానంతటదే బయటికొచ్చింది. ఐసు కరిగి మోచేతి దాకా కారింది. నిమిషమైందని టీచరు అన్నా ఆమె ఇంకా పట్టుకునే ఉంది.

"సరే," అంది మెట్లు దిగుతూ. "మిగతా నాలుగూ వద్దాం. ఆవిడకి నేర్పడం రాదు గాని, విషయం ఉంది."

నొప్పులు ఒక మంగళవారం పొద్దున ఏడింటికి మొదలయ్యాయి. భర్త నర్సమ్మకు ఫోను చేసి, బీరువా తలుపు మీది కవరు చదివి, చేతులు కడుక్కుని, మళ్ళీ కవరు చదివాడు. మూడో శనివారం నేర్పినట్టు ఆమె పరుపు పక్కన మోకాళ్ళ మీద వంగి, చేతులు పరుపు మీద ఆనించింది. ఆ భంగిమలో అరికాళ్ళు పైకప్పువైపు చూస్తుంటాయి. అయినా నొప్పి వచ్చినప్పుడల్లా కుడి బొటనవేలు గాల్లోనే వెతుక్కునేది. అతను అరచేత్తో ఆ పాదాన్ని మెల్లగా తట్టేవాడు.

"రోడ్డు ఖాళీగా ఉంది మేడం."

"నోర్ముయ్."

"సరే మేడం."

నర్సమ్మ వచ్చేసరికి సగం పని అయిపోయింది. ఆవిడ చూసి, గుండె చప్పుడు విని, బండికి ఫోను చెయ్యలేదు. పదకొండున్నరకు, ఇంకా ఎండ కిటికీ దాటకుండానే, ఆడపిల్ల పుట్టింది. గట్టిగానే ఏడ్చింది. అమ్మమ్మ పరుగున వచ్చి, "ఏమే, పాసయ్యావా?" అంది.

పదో రోజున పిల్లను తూకం వేయించడానికి బయల్దేరారు. బ్రేకు మేడం మొదటిసారి వెనక సీట్లో కూర్చుంది, ఒళ్ళో పిల్లతో. మొదటి మలుపులో ఆటో ఎదురొచ్చింది. అతని వీపుకు సీటు వెనకనుంచి ఏదో గట్టిగా తగిలింది.

"అక్కడ కూడా లేదు మేడం," అన్నాడతను.

"నాకు తెలుసు. ముందు చూసి నడుపు."

పిల్ల నిద్రపోతోంది, రెండు కాళ్ళూ కడుపు మీదికి ముడుచుకుని. ఆమె చూసింది. కాసేపటికి తనూ చెప్పులు విడిచి, కాళ్ళు సీటు మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకుంది.