నారమ్మ ఎక్కని రైలు

జహీరాబాద్‌లో జొన్నలు పట్టే గిర్నీలో పనిచేసే సంగప్పను ఇప్పటికీ అందరూ రైలు సంగప్ప అనే పిలుస్తారు. పిండి పట్టించడానికి వచ్చే పడుచుపిల్లల్లో సగం మంది చిన్నప్పుడు ఆయన రైలెక్కినవాళ్లే. "కాకా, ఒక్కసారి కూత పెట్టరాదు" అని వాళ్లు ఆటపట్టిస్తే, కనుబొమల దాకా పిండి పట్టిన సంగప్ప నవ్వి ఊరుకుంటాడు. కూత పెట్టాల్సింది ఇంజను, మనిషి కాదు అని ఆయన పట్టుదల.

ఆ రైలు ఉండేది బీదర్ రోడ్డు పక్కన పిల్లల పార్కులో. పార్కు పెట్టినాయన ప్రసాదరావు. కోస్తా నుంచి ఫ్యాక్టరీలో ఇంజనీరుగా వచ్చి, ఈ ఎర్రమట్టి మీద మనసు పడి, ఉన్న ఉద్యోగం మానేసి మరీ పార్కు పెట్టాడు. చుట్టాలంతా పిచ్చి ముదిరిందన్నారు. జారుడుబండ, ఊయలలు, గుర్రాల రంగులరాట్నం, వాటన్నిటి చుట్టూ తిరిగే చిన్న రైలు. న్యాల్‌కల్ పక్క పల్లెలో వానలు మొహం చాటేస్తే సంగప్ప చెరకు ట్రాక్టరు తోలుకుని బతుకుతుండేవాడు. గుంత ఇంకా దూరంలో ఉండగానే బండి నెమ్మది చేసే అతని తీరు చూసి, ప్రసాదరావు పిలిచి ఇంజనులో కూర్చోబెట్టాడు.

సంగప్పకు ఒక నియమం ఉండేది. బండి నడుస్తున్నంతసేపూ వెనక్కి తిరిగి చూడకూడదు. ముందు చూపే తన పని. అందుకని అన్నేళ్లూ పిల్లల సంబరాన్ని వీపుతోనే చూశాడు. ఏ మలుపులో కేకలు పెడతారో, ఎక్కడ గప్‌చుప్ అయిపోతారో చెవులకే తెలుసు.

దసరా రోజు పార్కు పనివాళ్ల కుటుంబాలది. ఇంజనుకు పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవారు. ముందు పెట్టెలో మాలిక్, అంటే యజమాని ప్రసాదరావు, కూర్చున్నాకే బండి నిమ్మకాయలు తొక్కి కదలాలన్నది సంగప్ప పెట్టిన ఆనవాయితీ. ప్రసాదరావుకు ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు. అయినా దేవుడితో వాదించవచ్చు గానీ సంగప్పతో వాదించలేమని, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చునేవాడు.

సంగప్ప భార్య నారమ్మ గంపెడు గారెలు చేసుకుని వచ్చేది. బండెక్కమంటే మాత్రం, "పోరగాండ్లు ఎక్కనీ, నేను వచ్చే పండుగకు ఎక్కుత" అనేది. ఆ వచ్చే పండుగ అన్నేళ్లయినా రానేలేదు.

కరోనా ఏడాది వచ్చింది. పార్కు నెలల తరబడి మూతపడే ఉంది. అయినా పూజ మానేదెట్లా అని సంగప్ప వెళ్లాడు. ఆ దసరాకు పిల్లలెవరూ రాలేదు. సీటు ఇచ్చేందుకు ఎవరూ లేకపోయేసరికి నారమ్మ ఆకుపచ్చ చీర కొంగు సర్దుకుని రెండో పెట్టెలో కూర్చుంది. మాలిక్ కోసం చూశారు. ఫోను ఎత్తలేదు. పెట్టెకు ఈ పక్కనున్న ఎండ ఆ పక్కకు జరిగింది. వాచ్‌మన్ ఇస్సాకు, ఒక్క చుట్టు తిప్పుకుని రమ్మని, చూసేవాళ్లెవరున్నారని చెప్పాడు. మాలిక్ కూర్చోకుండా ఎట్లా అని సంగప్ప కదల్లేదు. పొద్దు గూకింది. నారమ్మ దిగిపోయింది.

"ఫికర్ చేయకు. బండి ఎక్కడికి పోతది," అంది.

తర్వాత కొన్నాళ్లకే కరెంటు తీసేసి గేటుకు తాళం వేశారు. ఆనవాయితీని పట్టుకుని పెళ్లాం సరదాను వదిలేశానన్న బాధ సంగప్పను అప్పటి నుంచి వదల్లేదు. నారమ్మ ఆ మాటే ఎత్తదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేదని ఆయనకు అనిపిస్తుంది.

మొన్న ఇస్సాకు గిర్నీకి వచ్చి, స్థలం అమ్ముడుపోయిందని, శనివారం ఇనుప సామాను లారీ వస్తుందని చెప్పాడు. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అంటారు గానీ, చచ్చిన రైలుకు తుక్కు ధరే. సంగప్ప ఆ పూటే గిర్నీ వాళ్లకు చెప్పి పార్కుకు పోయాడు.

ఇస్సాకు తాళం తీస్తే లోపలికి అడుగు పెట్టాడు. జారుడుబండ మధ్యలోంచి సర్కారు తుమ్మ లేచింది. టికెట్ల కిటికీలో కందిరీగలు గూడు పెట్టాయి. రంగులరాట్నం గుర్రాలకు రంగంతా పోయి, కళ్లు మాత్రం నల్లగా అట్లాగే ఉన్నాయి. ఒక్కో గుర్రం మెడ నిమిరి ముందుకు పోయాడు. రేకుల షెడ్డు కింద రైలుంది. వంగి చూస్తే, చక్రాల కింద ఆనాటి నిమ్మకాయలు ఎండి గోళీల్లా గట్టిపడి ఉన్నాయి. పారేయబుద్ధి కాలేదు. జేబులో వేసుకున్నాడు.

ఇక రోజూ అదే పని. పట్టాల మీది గడ్డి పీకడం, ఇరుసులకు ఆయిలు పోయడం. పెండ్లికొడుకును చేసినట్టు చేస్తున్నావు గానీ ఈ ముసలాయన లేవడని ఇస్సాకు నవ్వాడు. నవ్వుతూనే తనూ ఒక చెయ్యి వేశాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు కదా, శుక్రవారానికి తుప్పు వదిలి చక్రం కిర్రుమంది.

శనివారం పొద్దున్నే నారమ్మను తీసుకువచ్చాడు. ఈ వయసులో ఎవరన్నా చూస్తే నవ్వరా అని దారంతా గునిసింది. అయితే కట్టుకున్నది మాత్రం ఆకుపచ్చ చీరే. సంగప్ప కొత్త నిమ్మకాయలు పెట్టి ఇంజనుకు కుంకుమ అద్దుతుండగా లారీ వచ్చింది. దాని వెనక కారులోంచి ప్రసాదరావు దిగాడు. మనిషి బాగా వాడిపోయాడు. ఇంజనుకు వేసిన బంతిపూల దండ చూసి ఆగిపోయాడు.

ఇంజను దగ్గరికి వచ్చి అన్నాడు. "ఆ దసరాకి నేను గేటు దాకా వచ్చాను సంగప్పా. మూసేస్తున్నానని నీ మొహం చూసి చెప్పలేక వెనక్కి వెళ్లిపోయాను."

ఇన్నేళ్లూ మాలిక్ మరిచిపోయాడనే సంగప్ప అనుకున్నాడు. అలవాటు కొద్దీ ముందు పెట్టె తుడిచి, "కూసోండి సార్" అన్నాడు.

"కరెంటు లేదు, డీజిలు లేదు. నేనూ కూర్చుంటే తోసేదెవరయ్యా?" అంటూ ప్రసాదరావు చొక్కా చేతులు మడుచుకుని వెనక పెట్టె దగ్గరికి నడిచాడు. ఇస్సాకు ఆయన పక్కన నిలబడ్డాడు. లారీతో వచ్చిన హమాలీలు కాసేపు వింతగా చూసి, తామూ భుజం పెట్టారు.

నారమ్మ రెండో పెట్టెలో కూర్చుంది. సంగప్ప ఇంజనెక్కాడు. రైలు మూలిగింది, ఊగింది. చక్రాల కింద నిమ్మకాయలు పటుక్కున చితికి పులుపు వాసన లేచింది. బండి షెడ్డు దాటి ఎండలోకి వచ్చింది. గుర్రాల పక్కగా పోయి, పిల్లలు కేకలు పెట్టే మలుపు తిరిగింది. అక్కడ వెనక నుంచి నవ్వు వినిపించింది. ఆ నవ్వు ఆయన విని చాలా కాలమైంది.

సంగప్ప వెనక్కి తిరిగి చూశాడు. నారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వుతోంది, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె వెనక ఆయాసపడుతూ మాలిక్ తోస్తున్నాడు.

"కూత పెట్టవా?" అంది నారమ్మ.

సంగప్ప నోటితోనే కూత పెట్టాడు.