సున్నం గీత ఎట్ల జరుగుతది?

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే తల నెరవాలట. నాకింకా పాతికేళ్లు నిండలేదు, అయినా ఆ హక్కు నాకుంది. ఎందుకంటే ఆ రోజుల్లో నేను మహామేధావిని. నాగర్‌కర్నూల్లో మేనమామ ఇంట్లో ఉండి రెండేళ్లు ఇంగ్లీషు మీడియంలో చదివి (కూర్చుని అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది) గద్వాలకు తిరిగొచ్చాను. పదో తరగతి మొత్తంలో 'మే ఐ కమిన్ సార్' అని తడబడకుండా అనగలిగింది నేనొక్కణ్నే. అందుకే మా ఆటల సారు అమెరికన్ ఫుట్‌బాల్ నియమాల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టి, "వనపర్తిల పోటీ ఉన్నది, జర తెలుగుల రాసియ్యిరా" అన్నాడు.

సారు కబడ్డీ మనిషి. ఈ కొత్త ఆట గురించి ఆయనకు తెలిసింది ఒక్కటే, ఆడే జట్లు తక్కువ కాబట్టి సర్టిఫికెట్ సులువు. అమెరికాలో హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకుంటారట. మాకు హెల్మెట్లు లేవు గనక నడుముకు కట్టిన గుడ్డపట్టీ లాగితే పట్టుకున్నట్టేనని పెద్దలు తీర్మానించారు. బంతి మాత్రం అచ్చంగా బొప్పాయే. దాన్ని మా జట్టులో సూటిగా విసరగలిగింది ఒక్కడే, మగ్గం నేసేవాళ్ల పిల్లవాడు. మగ్గం మీద దారం మోసుకుంటూ నాడె దూసుకుపోయినట్టు బంతి పోతుందని వాడికి నాడెగాడని పేరు. ఆటల కోటాలో సీటు తెచ్చే ఆ సర్టిఫికెట్ నిజంగా కావలసింది కూడా వాడికే. "గెలిచి సర్టిఫికెట్ తెస్తె పాలిటెక్నిక్‌కు పో. తేకుంటె వచ్చి మగ్గం గుంటల కూసో" అని వాళ్ల నాయన తేల్చేశాడు.

పుస్తకంలో ఫార్వర్డ్ పాస్‌కు ఒక పేజీ ఉంది. బంతిని వెనక్కి ఎన్నిసార్లైనా విసరొచ్చు. ముందుకు మాత్రం ఒక్కో విడతలో (సారు దాన్ని కూత అనేవాడు) ఒక్కసారే, అదీ 'లైన్ ఆఫ్ స్క్రిమేజ్' దాటకముందే విసరాలి. స్క్రిమేజ్ అంటే ఏమిటో నాకు తెలియదు. లైన్ అంటే తెలుసు, అంటే సగం వచ్చినట్టే గదా. మైదానంలో కళ్లకు కొట్టొచ్చినట్టు కనపడే గీత మధ్యగీత. 'మధ్యగీత దాటిన తర్వాత బంతిని ముందుకు విసరరాదు' అని గుండ్రటి అక్షరాలతో రాసి, అడక్కపోయినా కింద సంతకం పెట్టాను. "గింతేనా? మన కబడ్డీ గీతనే గదరా" అని సారు ప్రాణం లేచొచ్చినట్టు నవ్వాడు. నాడెగాడొక్కడే, "స్క్రిమేజ్ అంటె మధ్య అనేనారా?" అని నసిగాడు. "ఇంగ్లీషు నీకొస్తదా, నాకొస్తదా?" అన్నాను. వాడు నెల రోజులు సరిగ్గా ఆ గీత అంచు దాకా ఉరికి విసరడం నేర్చుకున్నాడు.

వనపర్తికి పోతూ బీచుపల్లిలో వ్యాన్ ఆపించి, సారు బంతిని ఆంజనేయస్వామి ముందు పెట్టించాడు. (పూజారి దాన్ని అటూ ఇటూ తిప్పి, "గిది కొయ్యాల్నా, కొట్టాల్నా?" అని అడిగాడు.) స్వామి దయో ఏమో, నాడెగాడు నిలబడ్డ చోటి నుంచే విసిరి గెలిపించడంతో ఫైనల్ దాకా మా తప్పు బయటపడే అవసరమే రాలేదు. ఫైనల్లో నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం, ఆఖరి కూత. బంతి మధ్యగీతకు చాలా ఇవతల మొదలైంది. నాడెగాడు ఇద్దరిని తప్పించుకుని ఉరికి, మధ్యగీతకు అడుగు ముందు టక్కున ఆగి, కాళ్లు చూసుకుని మరీ విసిరాడు. మా జట్టులోని మానవపాడు పిల్లవాడు దాన్ని పట్టుకుని చివరి గీత దాకా ఉరికాడు, దానికి ఆరు పాయింట్లు. మేం గెలిచాం. ఓ అర నిమిషం పాటు.

తప్పు జరిగిందన్న గుర్తుగా అంపైరు పసుపు గుడ్డ విసిరాడు. "బంతి ఎక్కడ మొదలైతే గీత అక్కడే అండి. ప్రతిసారీ జరుగుతుంది. ఇతను అది దాటి విసిరాడు, చెల్లదు" అన్నాడు. సారు మధ్యగీత దగ్గరికి వెళ్లి, వంగి, వేలికి సున్నం అంటించుకొచ్చి చూపించాడు. "సున్నంతోని ఏసిన గీత సారూ. ఎట్ల జరుగుతది?" అన్నాడు. అంతటితో ఆగొచ్చు గదా, జేబులోంచి నా కాగితం తీసి సాక్ష్యంగా ఇచ్చాడు. అంపైరు చదివి, కింద సంతకం చూసి, "ఎవరీ మహానుభావుడు?" అన్నాడు. జట్టు జట్టంతా నా వైపు తిరిగింది. నేను చాలా శ్రద్ధగా బూటు లేసు కట్టుకుంటున్నాను.

నాడెగాడు తిట్టలేదు, తిట్టినా బాగుండేది. వ్యాన్‌లో పక్కన కూర్చుని, "తెల్వదని అంటె అయిపోతుండె గదరా" అన్నాడు, అంతే. పెబ్బేరు దాటేదాకా నేను కిటికీలోంచి బయటికే చూశాను. అంత సిగ్గు మళ్లీ ఎప్పుడూ పడలేదు. వాడు మగ్గం గుంటలో కూర్చున్నాడు. నేనేమో అమరచింతలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను (నవ్వండి, పర్వాలేదు).

మొన్న గద్వాల పోయినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. చీర నేస్తూనే ఫోన్ నా ముందుకు తోసి, దుకాణం వాళ్లు పంపిన మెసేజ్‌లో ఒక ఇంగ్లీషు మాట మీద వేలు పెట్టాడు. "దీనికేందిరా అర్థం?" అన్నాడు. పాత అలవాటు కొద్దీ నోటి దాకా ఏదో వచ్చింది. మింగేసి, "తెల్వదురా" అన్నాను.

వాడు నాడె ఆపి నవ్వాడు. "గీ ఒక్క మాటకు ఎనిమిదేండ్లు పట్టెనా సారూ నీకు?" అన్నాడు.