ముందుచూపు గారి తప్పుడు జోస్యాలు

కళ్లజోళ్ల షాపు మావయ్య ఒక్కసారైనా ఒప్పు చెప్పిన పాపాన పోలేదు. వ్యాపారంలో కాదు సుమా. అక్కడ ఆయన బిగించిన అద్దం ముక్కు మీద కూర్చుందంటే గోడ మీద చీమకి మీసాలు కూడా కనపడాల్సిందే. తేడా అంతా "ఏడో అంతస్తు" సీరియల్ దగ్గర వచ్చేది. రేపటి ఎపిసోడ్‌లో ఏం జరగబోతోందో ఆయన ఇవాళే రొమ్ము విరుచుకుని ఆ సీరియల్ అభిమానుల గ్రూపులో, వేలమంది ముందు రాసి పారేసేవాడు. అది తప్ప మిగతావన్నీ జరిగేవి. గ్రూపులో ఆయన పెట్టుకున్న పేరు "ముందుచూపు".

ఈ తలవంపులన్నీ పడాల్సి వచ్చింది ఆయన మేనకోడలికి. పగలు అదే షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టేది. ఖాళీ దొరికితే ఆ గ్రూపుని నడిపేది, అంటే అడ్మిన్ అన్నమాట. ఎవరు ఎవర్ని తిట్టారు, ఎవరు రేపటి కథ ముందే బయటపెట్టారు, ఈ తగువులన్నీ తీర్చేది తనే. తన మాటకి గ్రూపులో ఎదురుండేది కాదు. అందుకే ముందుచూపు తన సొంత మేనమామ అన్న ముక్క ఎక్కడా పొక్కనివ్వలేదు.

ఎలా పొక్కనిస్తుంది? సీరియల్లో పెద్దకోడలు కోమాలోకి పోతే గ్రూపంతా ముక్కు చీదుతుంటే, మావయ్య ఏం రాశాడనుకున్నారు? "ఆవిడకి కోమా లేదు, గీమా లేదు. నిద్రపోతోంది. ఆ ఇంట్లో చాకిరీ తప్పించుకోవాలంటే ఇంతకన్నా మంచి ఉపాయం లేదు." లాయరు బాబాయి మాయమైపోతే, ఫ్రిజ్ వెనకాల సొరంగం ఉందనీ, ఆయన అందులో కూర్చుని చల్లగా పేపరు చదువుకుంటున్నాడనీ తేల్చాడు. ఇక వీలునామా పోయినప్పుడు చెప్పింది మాత్రం గ్రూపు చరిత్రలో నిలిచిపోయింది. వీలునామా పెదనాన్న మీసంలో ఉందట. అది పెట్టుడు మీసమట. లేకపోతే అన్ని ఏడుపుల్లోనూ అది చెక్కుచెదరకుండా ఎలా ఉంటుందని ఎదురు ప్రశ్న.

గ్రూపులో మిగతావాళ్లు కూచుని, తిరగరాసి, పద్యంలా చెక్కి పోస్టు పెడితే ఇద్దరో ముగ్గురో మెచ్చుకునేవాళ్లు. మావయ్య పోస్టు కింద మాత్రం జాతరే. తిట్టేవాళ్లు, నవ్వేవాళ్లు, నవ్వేవాళ్లని తిట్టేవాళ్లు. కొందరు తెలివైనవాళ్లు ఆయన్ని తిరగేసి వాడుకోవడం కూడా నేర్చారు. రేపు పెళ్లి ఆగిపోతుందని ముందుచూపు రాస్తే, హమ్మయ్య పెళ్లి అయిపోతుంది అనుకుని నిశ్చింతగా ఉండేవాళ్లు.

నిశ్చింత లేనిది ఒక్క లెక్చరర్ గారికే. ఆయనకి సీరియల్ అంటే ప్రాణం, క్రమశిక్షణ అంటే అంతకన్నా ప్రాణం. ముందుచూపు వల్ల గ్రూపు గాలికొదిలేసిన గాలిపటంలా తయారైందనీ, గంభీరమైన చర్చకి చోటు లేకుండా పోతోందనీ పోరుపెట్టి, చివరికి ఈయన్ని గ్రూపులోంచి తీసెయ్యాలా వద్దా అని అందరి ఓటూ అడగాల్సిందేనని పట్టుబట్టాడు. మేనకోడలు పైకి చూద్దాం అంది గానీ లోపల బరువు దిగినట్టే అయింది. ఓటు పెడితే మావయ్య పోవడం ఖాయం. పోతే తన పరువు నిలబడుతుంది. ఆ సాయంత్రం ఎపిసోడ్ అయిపోగానే ఓటు పెడతానని లెక్చరర్‌కి మాటిచ్చేసింది.

సాయంత్రం షాపులో గోడమీద చిన్న టీవీలో సీరియల్ మొదలైంది. మేనకోడలు మిషను ఆపి స్టూలు మీద కూర్చుంది. మావయ్య ఎవరిదో కళ్లజోడు ఒళ్లో పెట్టుకుని, చిన్న స్క్రూడ్రైవర్‌తో కాడ బిగిస్తున్నాడు. తెర వంక చూడను కూడా లేదు.

"మరిది తలుపు దాకా వచ్చి ఆగిపోతాడు," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు.

మరిది తలుపు దాకా వచ్చాడు. ఆగిపోయాడు.

"ఇప్పుడు ఫోనొస్తుంది. పోలీసులనుకుంటాడు పాపం. వాళ్లమ్మ."

ఫోనొచ్చింది. పోలీసులనుకుని మరిదికి చెమటలు పట్టాయి. వాళ్లమ్మ.

మేనకోడలు మెడ మెల్లగా టీవీ వైపు నుంచి మావయ్య వైపు తిరిగింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా, నర్సు మంచిదేననీ, ఆస్పత్రి కాగితాలు మార్చింది మాత్రం పెద్దకోడలి తోడికోడలేననీ, అది ఎపిసోడ్ చివర్లో అద్దంలో కనపడుతుందనీ చెప్పుకుపోయాడు. చివర్లో అద్దంలో తోడికోడలు కనపడింది. చేతిలో కాగితాలు. ఇన్నాళ్లూ గురి తప్పుతున్నాడనుకున్న మనిషికి కళ్లు మూసుకున్నా గురి కుదురుతుందన్నమాట.

మేనకోడలు అడుగుదామని నోరు తెరిచేలోపు ఫోను టింగుమంది. గ్రూపులో ఎవరో కొత్తావిడ రాసింది. ఇదే మొదటిసారి రాయడం, తప్పులుంటే మన్నించండి అని మొదలుపెట్టి, కోమాలో ఉన్న పెద్దకోడలి వేలికి ఇవాళ ఉంగరం లేదు, మొన్న ఉంది, ఎవరు తీశారో అని అడిగింది. అంతే. దాని కింద వరస కట్టారు. ఆస్పత్రిలో నగలు తీసేస్తారని చిన్నపిల్లలకి కూడా తెలుసునని ఒకరు. సీరియల్ చూస్తున్నారా, నగల కొట్టు చూస్తున్నారా అని ఇంకొకరు. ముందు అక్షరదోషాలు దిద్దుకుని తర్వాత అనుమానాలు పెట్టుకోమని లెక్చరర్ గారు. కొత్తావిడ "సరేనండీ, పోస్టు తీసేస్తాను" అని రాసింది. ఆ మాటలోనే ఆవిడ చిన్నబోయిన మొహం కనపడింది.

మావయ్య స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. తన ఫోను తీసి, రెండు చూపుడువేళ్లతో పిట్ట గింజలు ఏరుకున్నట్టు కొట్టడం మొదలెట్టాడు. కొడుతూ కొడుతూ ఆగి, "పావురాయికి దీర్ఘం ఎక్కడొస్తుందే?" అని అడిగాడు.

"పావురాయి ఎందుకు మావయ్యా?"

"కాగితాలు మార్చింది కిటికీ మీద పావురాయి అని రాస్తున్నా. ట్రైనింగ్ ఇచ్చారని."

"కాగితాలు మార్చింది తోడికోడలని నువ్వే చెప్పావు కదా. ఇప్పుడే చూశాం కదా."

"చూశాం. అందుకే పావురాయి అంటే ఎక్కువమంది తిడతారు."

పోస్టు పడింది. ఉంగరాన్ని గాలికొదిలేసి ఊరంతా పావురాయి మీద పడింది. ముందుచూపుకి మతి పోయిందన్నారు, పావురాయికి ఉన్న బుద్ధి లేదన్నారు. కొత్తావిడ పోస్టు అలాగే ఉండిపోయింది. ఆవిడ తీసెయ్యలేదు.

కోమాలో నిద్ర, మీసంలో వీలునామా కూడా ఇందుకేనా అని మేనకోడలు అడిగింది. మావయ్య కళ్లజోడు కాడ తెరిచి, మూసి, వెలుగులో చూసుకున్నాడు.

"మీసం మాత్రం నిజమేనేమోనని నాకింకా అనుమానమే," అన్నాడు. "మిగతావంటావా, ఇక్కడికి కళ్ల పరీక్ష అక్షరాలు చదవడానికి వచ్చేవాళ్లని చూస్తావు కదా. అడుగు వరస కనపడకపోతే సిగ్గుతో చచ్చిపోతారు. అప్పుడు నేనే తప్పు చదువుతా. ఫక్కుమని నవ్వి, అది కాదండీ అని వాళ్లే చెప్తారు. నోరు తెరుచుకుంటుంది. మొదటిసారే నోరు మూయించామనుకో, మళ్లీ షాపు గుమ్మం తొక్కరు. నన్నంటే నాకేమన్నా నొప్పా? తిట్లు తినీ తినీ తోలు మందమైపోయింది."

ఇంతలో లెక్చరర్ గారు గుర్తు చేశాడు. పావురాయితో పాపం పండింది, ఇక ఆలస్యం చేయకుండా ఓటు పెట్టమన్నాడు. అడ్మిన్ ఏమంటుందోనని గ్రూపంతా చెవులు రిక్కించి కూర్చుంది.

అడ్మిన్ ఫోను చేతిలో పట్టుకుని కాసేపు గోరు కొరుక్కుంది. ఇన్నాళ్లూ పూచికపుల్ల తేడా రాకుండా కాపాడుకున్న పరువుకి ఒక్క దణ్ణం పెట్టుకుంది. తర్వాత రాసింది: "అందరూ గమనించాలి. పెద్దకోడలి ఉంగరం కరిగించి లిఫ్టులో ఏడో నంబరు బటన్ చేయించారు. ఆ బటన్ నొక్కిన వాళ్లకల్లా ఆస్తిలో వాటా వస్తుంది. ఇది నా దృఢ విశ్వాసం."

అంతే, గ్రూపులో కట్ట తెగింది. పావురాయిని వదిలేశారు, ముందుచూపుని వదిలేశారు, ఓటు సంగతి ఎవరికీ గుర్తే లేదు. అడ్మిన్‌కి జ్వరమా అన్నారు. అడ్మిన్ ఫోను ఎవరైనా కొట్టేశారేమో కనుక్కోండని లెక్చరర్ గారు కంగారుపడ్డాడు.

ఆ గోలలో కొత్తావిడ మళ్లీ రాసింది. "అడ్మిన్ గారూ, ఆ బటన్లు ప్లాస్టిక్‌వండీ. నేను లిఫ్టులు బాగుచేస్తాను, నాకు తెలుసు." అలా మొదలుపెట్టిన మనిషి ఇక ఆగలేదు. ఉంగరం పోలేదనీ, కెమెరా అద్దం వైపు తిరిగినప్పుడు తోడికోడలి వేలికి కనపడిందనీ, కావాలంటే మళ్లీ చూసుకోమనీ ఇంత పొడుగు రాసింది. జనం మళ్లీ చూశారు. ఉంది. లెక్చరర్ గారు అంతా చదివి, అక్షరదోషాల ఊసెత్తకుండా, మీ పరిశీలన సబబుగా ఉందని రాశాడు.

మేనకోడలు ఫోను బల్లమీద పెట్టి, తను సాధించింది చూశావా అన్నట్టు మావయ్య వంక చూసింది. మావయ్య మొహం మాత్రం అంత వెలుగ్గా లేదు. ఆయన ఇంకా వేలితో తెరని పైకి తోస్తూ, ఆమెకి వచ్చిన తిట్లు చదువుకుంటున్నాడు.

"మొదటిసారికే ఇన్నా," అన్నాడు కాస్త చిన్నబుచ్చుకుని. "నాకు పావురాయికి కూడా ఇన్ని రాలేదే."

"లిఫ్టు నాకు దానంతటదే తట్టింది మావయ్యా."

"తట్టింది సరే. ఇక మీదట వంతులు వేసుకుందాం. రేపటి మూర్ఖత్వం మాత్రం నాది," అని షట్టర్ కిందికి లాగుతూ అప్పుడే ఆలోచనలో పడ్డాడు.