అత్త ఎడమ కన్ను

ఏళ్లుగా మోస్తున్నాను దీన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మైలాపూరులో ఒక కంటి క్లినిక్‌లో స్కాన్లు తీయడం నా పని. అప్పట్లో కొత్తగా చేరాను. కంటి వెనక ఉండే సన్నటి తెరను పొరలు పొరలుగా చూపించే యంత్రం అది. గడ్డం ఆనించి వెలుతురు వైపు చూస్తే చాలు. చేయి తిరగాలని, ఒక సెలవు రోజున ఎవరికీ చెప్పకుండా తిరువొత్తియూరు నుంచి మా మేనత్తను పిలిపించాను. టి. నగర్ దుకాణాల చీరలకు ఫాల్స్ కుట్టి బతికే మనిషి. కుడి కన్ను ఎప్పుడో మసకబారింది. ఎడమ కంటితోనే సూదిలో దారం ఎక్కించేది.

ఆ ఎడమ కంట్లోనే కనిపించింది. చదునుగా ఉండాల్సిన పొర చిన్న గుట్టలా లేచి ఉంది. దాని పక్కన నల్లటి ఖాళీ. అంటే లోపల నీరు ఊరుతోంది. వయసు మీద పడ్డాక చూపు నడిమధ్యను తినేసే జబ్బు. ఆలస్యం చేయకుండా కంట్లో ఇంజెక్షన్ వేయించాలి. డాక్టరుగారు మాకు నేర్పిందే.

"ఆడ ఏం కనపడతా ఉండాది, పాపా?"

"ఏం లేదత్తా. బాగానే ఉండాది. వచ్చే నెల ఇంకోతూరి రా."

"బాగుంటే మళ్లా దేనికి?"

"ఊరికే, నేను నేర్చుకునేదానికి."

ఎందుకలా అన్నాను? అనుమతి లేకుండా యంత్రం ముట్టానని తెలిస్తే ఉద్యోగం పోతుందన్న భయం అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. భయం ఉంది, నిజమే. కానీ ఆమెను బస్సెక్కించి వచ్చి ఆ స్కాన్ బొమ్మ ముందు ఎంతసేపు కూర్చున్నానో, పుస్తకంలో చూసినది నా చేతుల మీదుగా తెర మీదికి వచ్చినందుకు ఎంత పొంగిపోయానో, ఆ నలుపు ఇక ఎటు పాకుతుందో చూడాలని ఎంత తహతహలాడానో నాకు తెలుసు. భయపడిన మనిషి అలా చూస్తుందా?

పాకింది. మరుసటి నెల ఖాళీ పెద్దదైంది. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఇంకొక్కసారి చూశాక చెబుదామనుకున్నాను.

ఈలోగా అత్తే ఫోన్ చేసింది. ద్వారబంధం వంకరగా కనపడుతోందంది. పాత స్కాన్లు చెరిపేసి, అప్పుడే తెలిసినట్టు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. "ఇంకాస్త ముందొచ్చి ఉంటే బాగుండేది" అన్నారాయన. నేనూ తలూపాను. ఇంజెక్షన్లతో జబ్బు ఆగింది గానీ పోయిన చూపు రాలేదు. కుట్టుపని మానేసింది. చూపు నడిమధ్య పోయింది కదా, ఇప్పుడు నా ముఖం చూడాలంటే నా చెవి వైపు చూస్తుంది. ఇంటికొచ్చినవాళ్లతో, "ఈ పాపే కనిపెట్టింది, లేకుంటే మొత్తం పోయుండేది" అంటుంది. నేను కాఫీ కలిపే మిషతో లోపలికి వెళ్లిపోతాను.

ఇవాళ్టికీ అలాంటి కన్ను తెర మీదికి వస్తే నాలో ముందు లేచేది జాలి కాదు, ఆ కుతూహలమే. వెంటనే వెళ్లి డాక్టరును పిలుస్తాను. అది మంచితనమో, అలవాటో తెలియదు. అత్తకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. భయంతో చేశానన్న అబద్ధం మాత్రం ఇక మోయలేను. అది వదిలేశాక ఊపిరి కాస్త ఆడుతోంది.

చూడాలనిపించింది. అందుకే చెప్పలేదు.