పందుల కోసం కట్టిన తీగ

ఆ క్యాంపులో సెల్‌ఫోను పనిచేసే చోటు ఒక్కటే, ఒక చెదపుట్ట మీద. మనిషికి రెండింతల ఎత్తుంది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఇంట్లో పుట్టినవాణ్ణి, బూట్లతో దాన్ని తొక్కడానికి మనసొప్పలేదు. విప్పి పక్కన పెట్టి ఎక్కాను. తుపాకీ పట్టుకుని నా వెంట వచ్చిన కాపలాదారు పగలబడి నవ్వాడు. ముళ్లుంటాయి జాగ్రత్త అన్నాడు. నిజంగానే ఉన్నాయి.

గరివిడి కార్ఖానాలో ఫర్నేసు ఎలక్ట్రీషియన్‌గా పదకొండేళ్లు చేసి, జీతం ఎక్కువని జాంబియాలో మాంగనీసు కరిగించే కార్ఖానాకు వెళ్లాను. అక్కడ పనిచేసే నలుగురం కలిసి మూడు రోజుల సెలవుకు ఆ క్యాంపు ఉన్న అభయారణ్యానికి వచ్చాం. రెల్లు గోడలు, గడ్డి కప్పు, స్నానానికి చెట్టుకు వేలాడదీసిన బకెట్టు. చుట్టూ కంచె లేదు. ఏనుగులు ఏటికి వెళ్లే దారి గుడిసెల మధ్య నుంచే పోతుంది. క్యాంపు వాళ్లు దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. మేం అంత దూరం వచ్చిందీ అందుకే.

పుట్ట ఎక్కానో లేదో బావ ఫోను. బావ అంటే మా అక్క మొగుడు. పార్వతీపురం దాటాక కొండవార పల్లె వాళ్లది. ఆ ఏడాది ఒడిశా వైపు నుంచి దిగిన ఏనుగులు అక్కడక్కడే తిరుగుతున్నాయి. బావకున్నదల్లా ఎకరన్నర మొక్కజొన్న.

"ఒరే, పక్కూరోళ్ల సేలు తొక్కీసినాయి. రేపో మాపో మన కాడికీ వస్తాయి. నువ్వు పందులికి కట్టినావు సూడు, ఆ తీగ ఏనుక్కి సాల్తాదేటి?"

నాలుగేళ్ల కిందట అడవిపందులు చేను తవ్వేస్తున్నాయంటే, మోటారు షెడ్డులోంచి కరెంటు లాగి చేను చుట్టూ తీగ కట్టింది నేనే. నేరమని తెలుసు. మనుషులు చస్తారనీ తెలుసు. బావ దగ్గర పనిమంతుణ్ణనిపించుకోవాలని కట్టాను, అంతే.

వద్దు బావా, పీకెయ్ అంటే సరిపోయేది. "సిగ్నల్ సరిగ్గా లేదు బావా, తర్వాత మాట్లాడతాను" అని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

దిగుతుంటే కాపలాదారు అడిగాడు, మీ దేశంలోనూ ఏనుగులున్నాయా అని. ఉన్నాయన్నాను. "ఎవరి చేలల్లో?" అన్నాడు. అతనిదీ అడవి అంచు ఊరేనట.

సాయంత్రం పొద్దుండగానే ఏనుగులు వచ్చాయి. మావాళ్లు ఊపిరి బిగబట్టి ఫోటోలు తీసుకుంటున్నారు. అన్నిటికన్నా ముందు నడుస్తున్న పెద్ద ఆడ ఏనుగు మా గుడిసె పక్కన ఆగింది. దారికి అడ్డంగా మేము బట్టలారేసుకున్న తాడు ఉంది. తొండం చాపి ఆ తాడును మెల్లగా తడిమి చూసింది. ఇంక చూడలేక లోపలికెళ్లి కూర్చున్నాను. మా ఎలక్ట్రీషియన్‌కి ఏనుగంటే భయమని మావాళ్లు భోజనాల దాకా ఏడిపించారు.

తెల్లారగానే కాపలాదారును బతిమాలి మళ్లీ పుట్ట ఎక్కాను. ఈసారి బూట్లు విప్పాలని కూడా తోచలేదు. ఫోను అక్క ఎత్తింది.

"రాత్రి వచ్చీసినాయిరా. సేనంతా తినీసినాయి. తిన్నది తినగా మిగిలింది తొక్కీసినాయి."

"మరి తీగ?"

అక్క గొంతు తగ్గించింది.

"దానికి కరెంటు ఎట్టినాడు. మీ బావ పడుకున్నాక నానే ఎల్లి స్విచ్చి ఆపీసినాను. తెల్లారగట్ట ఆడోళ్లమందరం ఆ గట్టమ్మటే ఎల్తాం గదరా. ఆయనికి సెప్పకు."

ఆ పుట్ట మీదే కూలబడి ఏడ్చాను. అక్క పిల్లల ఏడాది తిండి పోయినందుకో, ఇంకెవరి ప్రాణమూ పోనందుకో నాకే తెలియలేదు.

మరుసటి ఏడు సెలవుకొచ్చి వాళ్లింటికి వెళ్లాను. వచ్చినవాళ్లందరి ముందూ బావ నన్ను ఒకటే ఏడిపించాడు. "ఈడి కరెంటు పందులికే గానీ ఏనుక్కి పనికిరాదు!" నేనూ నవ్వి ఊరుకున్నాను. మధ్యాహ్నం ఇద్దరం భోజనానికి కూర్చున్నప్పుడు మాత్రం బావ నవ్వలేదు.

"ఈపాలి గట్టిగా లాగాల. మూడు పేజుల కరెంటూ ఎట్టు. నువ్వు ఎల్లేలోగా కట్టీసి ఎల్లు."

కూర వడ్డిస్తున్న అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

"తీగలో లోపమేమీ లేదు బావా. ఆ రోజు అక్కకి ఫోను చేసి ఆపించింది నేనే" అన్నాను.

బావ కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. ఆ మధ్యాహ్నమే చేనికెళ్లి తీగంతా నేనే పీకి, చుట్ట చుట్టి నాతో తెచ్చేసుకున్నాను. ఇప్పటికీ బావ నాతో మాట్లాడడు. అక్క అప్పుడప్పుడు దొంగతనంగా ఫోను చేసి, "నా మాట నీ మీదేసుకున్నావురా తమ్ముడూ" అని బాధపడుతుంది.

అది అక్క మాట కాదు. ఆ మొదటి రోజు, పుట్ట మీద నుంచి, నేను చెప్పాల్సిన మాట.